ఉప్పు ముక్కకు, ఘాటు పిండికి: ఇంట్లో ఫ్రైడ్ చికెన్ చేసే పద్ధతి

ఇంట్లో చేసిన ఫ్రైడ్ చికెన్ మీద వినిపించే ఫిర్యాదులు ముఖ్యంగా మూడు. కొరికితే లోపల చప్పగా ఉంటుంది. పై పొర ఊడి చేతికొస్తుంది. వడ్డించేలోపే మెత్తబడిపోతుంది. వీటికి మందు ఏదో రహస్య మసాలాలో దాగి ఉందని చాలామంది నమ్మకం. ఎన్ని దినుసులు దంచి వేసినా ఈ మూడూ నయం కావు. మొదటిది ఉప్పుతో, రెండోది తడితో, మూడోది ఆవిరితో వచ్చే చిక్కు. వాటిని సరిచేసుకున్నాక మసాలా మీ ఇష్టం. ఇంట్లో మిరియాలు, కారం తప్ప ఇంకేమీ లేకపోయినా ముక్క బాగానే వస్తుంది.

కింద చెప్పిన కొలతలు ఎముకతో ఉన్న కిలో చికెన్‌కు సరిపోతాయి. టీ స్పూను అంటే 5 మిల్లీలీటర్లది, టేబుల్ స్పూను 15 మిల్లీలీటర్లది, కప్పు 240 మిల్లీలీటర్లది. చెంచాలో పొడిని అంచుకు సమంగా తీసుకోండి. గుట్టగా తీస్తే, ముఖ్యంగా ఉప్పు దగ్గర, లెక్క పూర్తిగా తప్పుతుంది.

ముక్కలు

కాళ్లు, తొడలు ఎంచుకుంటే చిన్న చిన్న పొరపాట్లు బయటపడవు. వాటిలో కొవ్వు ఎక్కువ కాబట్టి రెండు నిమిషాలు అదనంగా వేగినా ఎండిపోవు. రొమ్ము ముక్క అలా కాదు, కాస్త ఎక్కువ వేగితే పీచులా తయారవుతుంది. అది కావాలనుకుంటే అడ్డంగా రెండుగా కోసి, మిగతా ముక్కల మందానికి దగ్గరగా తీసుకురండి. ఒకే వాయిలో వేసే ముక్కలన్నీ ఇంచుమించు ఒకే మందంలో ఉండాలి. చర్మం ఉంచాలా, తీయాలా అన్నది మీ అభిరుచి. చర్మం ఉంటే దాని కొవ్వు కరిగి పై పొరకు రుచినిస్తుంది. తీసేస్తే పిండి నేరుగా మాంసానికి అంటుకుంటుంది, ఊడిపోయే బెడద కాస్త తగ్గుతుంది.

ముక్కలను కుళాయి కింద కడగవద్దు. పచ్చి కోడిమాంసం మీద సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ వంటి బ్యాక్టీరియా ఉండవచ్చు. కడిగితే ఆ తుంపరలు సింకు మీద, గట్టు మీద, పక్కనున్న గిన్నెల మీద పడతాయి. వాటిని చంపేది వేడి ఒక్కటే, నీళ్లకు ఆ పని చేతకాదు. ముక్కల మీద చెమ్మ ఉంటే పేపర్ టవల్‌తో అద్ది, ఆ కాగితాన్ని వెంటనే పారేయండి.

ఉప్పు

వంట మొత్తంలో తొందరపడకూడని చోటు ఇదే. మాంసం లోతుకు చేరగల దినుసు దాదాపుగా ఉప్పు ఒక్కటే. కారం, మిరియాలు, వెల్లుల్లి వంటి వాటి రుచి ఎన్ని గంటలు నానబెట్టినా పైపైనే, కొన్ని మిల్లీమీటర్ల లోపలే ఆగిపోతుంది. అందుకే రాత్రంతా మసాలాలో ఊరబెట్టిన ముక్క కూడా ఉప్పు చాలకపోతే లోపల చప్పగానే ఉంటుంది.

ఉప్పు పట్టించగానే ముందు మాంసంలోని నీరు బయటికి ఊరుతుంది. ఇది చూసి కొందరు ముక్క ఎండిపోతోందని భయపడి ఆ నీటిని వంచేస్తారు. వంచకండి. ఆ నీటిలో కరిగిన ఉప్పే మెల్లగా తిరిగి లోపలికి వెళుతుంది. వెళ్లి, మాంసకృత్తుల బిగువును సడలిస్తుంది. అలా సడలినవి వేడి తగిలినప్పుడు మునుపటంత గట్టిగా ముడుచుకోవు, నీటిని పట్టి ఉంచుకుంటాయి. రుచితోపాటు రసం కూడా దక్కేది ఇందువల్లే.

కిలో ముక్కలకు 12 గ్రాముల మెత్తటి ఉప్పు వేయండి. అంటే సుమారు రెండు టీ స్పూన్లు. కల్లుప్పయితే చెంచా కొలత పనికిరాదు, గింజల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి తూకం వేయాల్సిందే. ఉప్పును ముక్కలన్నిటికీ సమంగా రుద్ది, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. నాలుగు గంటలు తక్కువలో తక్కువ. రాత్రి పెట్టి మర్నాడు వేయిస్తే ఇంకా మంచిది. గంట మాత్రమే వ్యవధి ఉంటే ఎముక లేని చిన్న ముక్కలు చేసుకోండి, పెద్ద ముక్కలకు ఆ సమయం చాలదు.

మజ్జిగ

ఉప్పు ఒక్కటే రుద్ది కూడా వేయించవచ్చు. అయినా చిక్కటి పుల్లటి మజ్జిగలో నానబెట్టే పద్ధతి ఊరికే పుట్టలేదు. అందులోని లాక్టిక్ ఆమ్లం మాంసం పై భాగాన్ని కొద్దిగా మెత్తబరుస్తుంది, చిక్కదనం పిండిని పట్టి ఉంచుతుంది, పాల చక్కెర, మాంసకృత్తులు కలిసి పై పొరకు మంచి రంగునిస్తాయి. పెరుగును కొద్ది నీళ్లతో, గరిటె నుంచి తీగలా జారేంత చిక్కగా గిలక్కొట్టినా సరిపోతుంది.

కిలో ముక్కలకు ఒకటిన్నర కప్పుల మజ్జిగ చాలు. ఈ దారిలో వెళితే ఉప్పు విడిగా రుద్దే పని లేదు, మజ్జిగలోనే కలపండి. ద్రవంలో కొంత మిగిలిపోతుంది కాబట్టి రెండు స్పూన్లకు బదులు రెండున్నర వేయండి. ఒక టీ స్పూను మిరియాల పొడి, ఒక టీ స్పూను కారం, ఒక టీ స్పూను వెల్లుల్లి పొడి కూడా ఇందులో వేయవచ్చు. లోతుకు వెళ్లకపోయినా ముక్కకూ పిండికీ మధ్య ఇవొక పొరగా నిలుస్తాయి. నాలుగు నుంచి 24 గంటలు నాననివ్వండి. అంతకు మించి ఉంచితే ఆమ్లం వల్ల పై భాగం పొడిపొడిగా, సున్నం తిన్నట్టుగా మారుతుంది.

అల్లం వెల్లుల్లి ముద్ద విషయంలో నాకు కొంచెం పట్టింపు ఉంది. పచ్చి వెల్లుల్లి తునకలు పై పొరలో చేరితే నూనెలో త్వరగా మాడి చేదెక్కుతాయి. పచ్చి అల్లంలో మాంసకృత్తులను విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది, ఎక్కువ వేసి రాత్రంతా ఉంచితే ముక్క అంచులు మరీ మెత్తబడతాయి. అందుకే ఈ వంటకు పొడులే నయం. ముద్దే కావాలంటే మెత్తగా నూరి, వడకట్టి, ఆ రసాన్ని కలపండి. పచ్చి బొప్పాయి, అనాస జోలికి మాత్రం వెళ్లవద్దు. వాటి ఎంజైములు ఇంకా బలమైనవి.

పిండి పట్టించే ముందు ఒక గుడ్డును గిలక్కొట్టి ఈ మజ్జిగలో కలపండి. వేడికి గడ్డకట్టే గుడ్డు, పిండిని ముక్కకు అంటించి ఉంచుతుంది.

పిండి

రెండు కప్పుల మైదా, అర కప్పు కార్న్‌ఫ్లోర్, ఒక టీ స్పూను బేకింగ్ పౌడర్. ఇది మూలం. మూడింటిలో ఒక్కోదానికి ఒక్కో పని. మైదాలోని గ్లూటెన్ అనే సాగే మాంసకృత్తి పొరకు కట్టునిస్తుంది, రంగు కూడా చాలావరకు దానివల్లే. కానీ మైదా ఒక్కటే అయితే పొర గట్టిగా, కొరకడానికి మొండిగా ఉంటుంది. కార్న్‌ఫ్లోర్‌లో గ్లూటెన్ లేదు కాబట్టి అది చేరితే పొర పెళుసుగా విరుగుతుంది. దాని స్థానంలో బియ్యప్పిండి వాడవచ్చు, కరకరలాడడం మరికొంత గట్టిగా ఉంటుంది. బేకింగ్ పౌడర్ తడి తగిలినప్పుడు, మళ్లీ వేడి తగిలినప్పుడు వాయువును విడిచి పొరలో చిన్న చిన్న గాలి గదులు చేస్తుంది. రెండు స్పూన్లు వేస్తే ఇంకా తేలిగ్గా వస్తుందనుకోకండి, లోహపు రుచి వస్తుంది.

ఇక ఘాటు. ఈ పిండిలో ఒకటిన్నర టీ స్పూన్ల ఉప్పు, రెండు టీ స్పూన్ల మిరియాల పొడి, రెండు టీ స్పూన్ల వెల్లుల్లి పొడి, ఒక టీ స్పూను ఉల్లి పొడి, అర టీ స్పూను శొంఠి పొడి, ఒక టేబుల్ స్పూను కారం వేయండి. రంగు ఎక్కువ, మంట తక్కువ ఉండే మిరప రకం దొరికితే అదే మేలు. తెల్ల మిరియాలు దొరికితే ఒక టీ స్పూను కలపండి. వాటి ఘాటు నల్ల మిరియాల ఘాటుకు భిన్నంగా, కాస్త ఆలస్యంగా నాలుకకు తగులుతుంది. పొడులన్నీ మెత్తగా, జల్లించినవై ఉండాలి. ముతక పలుకులు నూనెలో రాలి మాడి, తర్వాతి వాయిలకు చేదు అంటిస్తాయి. చక్కెర వేయాలనిపిస్తే చిటికెడుతో ఆపండి, లోపల ఉడికేలోపే అది నల్లబడుతుంది.

ఈ కొలతలు చూడడానికి ఎక్కువగా కనిపిస్తాయి. వేసిన పిండిలో చాలా భాగం పళ్లెంలోనే మిగిలిపోతుందనీ, వేపులో ఘాటు కొంత తగ్గుతుందనీ గుర్తుంచుకుంటే ఎక్కువ కావు. అనుమానం ఉంటే ముక్కలు ముంచకముందే, వాడని మజ్జిగ చుక్కలతో చెంచాడు పిండిని ఉండగా చేసి నూనెలో వేయించి రుచి చూడండి. ఉప్పూ కారమూ సరిదిద్దుకోవడానికి అదే ఆఖరి అవకాశం. పచ్చిపిండిని నాలుకతో పరీక్షించవద్దు, పచ్చి మైదాలోనూ హానికర బ్యాక్టీరియా ఉండే వీలుంది.

ఇప్పుడు చాలా వంటకాల్లో కనిపించని ఒక చిన్న పని. కలిపిన పొడి పిండి మీద మూడు టేబుల్ స్పూన్ల మజ్జిగ చిలకరించి, వేళ్ల కొసలతో నలపండి. పిండి అక్కడక్కడ తడి ఇసుకలా చిన్న చిన్న పలుకులు కడుతుంది. ఆ పలుకులే నూనెలో గరుకైన పొక్కులుగా, కరకరలాడే అంచులుగా మారతాయి. గరుకుదనం ఎంత ఎక్కువైతే నూనె తగిలే వైశాల్యం అంత ఎక్కువ.

పట్టించడం

ఒక చేయి తడికి, ఒక చేయి పొడికి కేటాయించండి. రెండు చేతులూ రెండింటిలో పెడితే మూడో ముక్కకే వేళ్లకు పిండి కడుతుంది.

తడి చేత్తో ముక్కను మజ్జిగలోంచి ఎత్తి, కారేదంతా కారనివ్వండి. బొట్లు పడుతుండగా పిండిలో వేస్తే పొర మందంగా, ముద్దగా అవుతుంది. అది లోపల ఉడకక పేస్టులా మిగిలి, ఆవిరి తగలగానే ఊడిపోతుంది. అలాగని తుడిచి పొడిగా చేస్తే పిండికి పట్టు దొరకదు. ముక్క మీద చిక్కటి మజ్జిగ పలచటి పూతగా మెరుస్తూ కనిపించాలి.

ముక్కను పిండిలో పడేసి, పొడి చేత్తో మీద పిండి కప్పి, అరచేత్తో గట్టిగా నొక్కండి. సున్నితంగా దొర్లిస్తే చాలదు, నిజంగా బలం పెట్టి నొక్కాలి. మడతల్లో, ఎముక దగ్గర, చర్మం కింద కూడా పిండి చేరాలి. ఎత్తి ఒక్కసారి విదిలించి, వైర్ ర్యాక్ మీద పెట్టండి. ముక్క మీద ముక్క పేర్చవద్దు. ర్యాక్ లేకపోతే పొడి పిండి చల్లిన పళ్లెం మీద విడివిడిగా ఉంచండి.

తర్వాత 20 నుంచి 30 నిమిషాలు వాటిని ముట్టుకోకండి. నన్నడిగితే పై పొర ఊడిపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఈ విరామాన్ని ఎగ్గొట్టడమే. ఈ సమయంలో పిండి తడిని పీల్చుకుని ముక్కకు అతుక్కుంటుంది. అప్పుడే పట్టించిన పొడి పిండి నూనెలో పడితే సగం రాలిపోతుంది. ఫ్రిజ్ చల్లదనం తగ్గడం ఇంకో లాభం. మరీ చల్లటి ముక్క వేస్తే నూనె వేడి పడిపోతుంది, పైన ఎర్రబడినా ఎముక దగ్గర పచ్చిగా ఉంటుంది. విరామం ముగిసేసరికి ఎక్కడైనా తడి మచ్చలు కనిపిస్తే అక్కడ మాత్రం కాస్త పిండి అద్దండి.

బ్రెడ్ పొడితో చేయాలనుకునేవారికి ఒక మాట. అక్కడ వరుస పొడి మైదా, గిలక్కొట్టిన గుడ్డు, ఆపైన బ్రెడ్ పొడి. మైదా తడిని పీలుస్తుంది, గుడ్డు మైదాను పట్టుకుంటుంది, బ్రెడ్ పొడి గుడ్డుకు అంటుకుంటుంది. మధ్యలో ఒకటి తప్పిస్తే మిగతావి నిలవవు. బ్రెడ్ పొడి త్వరగా రంగు మారుతుంది కాబట్టి దీనికి ఎముక లేని పలుచటి ముక్కలే తగినవి.

వేయించడం

అడుగు మందంగా, లోతుగా ఉన్న మూకుడు తీసుకోండి. నూనె సగానికి మించకూడదు, ముక్కలు వేయగానే పొంగుతుంది. పొగ త్వరగా రాని రిఫైన్డ్ నూనె ఏదైనా సరే. నూనెను 175 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేయండి. థర్మామీటరు లేకపోతే చెక్క గరిటె కొస ముంచి చూడండి, చుట్టూ చిన్న బుడగలు వరుసగా లేస్తే సిద్ధమైనట్టే. పొగ కనిపిస్తే దాటిపోయింది, మంట ఆపి చల్లారనివ్వండి.

మూడు నాలుగు ముక్కలకు మించి వేయవద్దు. వేయగానే వేడి పడిపోతుంది, దాన్ని 150 నుంచి 160 మధ్య నిలబెట్టేలా మంటను సరిచేస్తూ ఉండండి. అంతకన్నా తగ్గితే పొర త్వరగా గట్టిపడక నూనె ఓడుతూ తయారవుతుంది. మొదటి రెండు నిమిషాలు గరిటె పెట్టవద్దు. పొర బిగుసుకోకముందే కదిపితే ఊడుతుంది. ఆ తర్వాత నెమ్మదిగా తిప్పండి.

ఈ దశలో చెవి కూడా పని చేయాలి. మొదట్లో నూనె గట్టిగా చిటపటలాడుతుంది. అది ముక్కలోని నీరు ఆవిరై బయటికి పోయే శబ్దం. నీరున్నంతసేపు ఆ చోట వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగి ఉంటుంది, అది పోయాకే పొర ఎండి ఇంకా వేడెక్కుతుంది. సుమారు 140 డిగ్రీలు దాటాక రంగూ సువాసనా వేగంగా వస్తాయి. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లూయీ కామిల్ మయార్ 1912లో వివరించిన చర్య ఇదే. చప్పుడు తగ్గి, బుడగలు చిన్నవైతే పొర ఎండిందని అర్థం.

కాళ్లు, తొడలకు 12 నుంచి 15 నిమిషాలు, రెక్కలకు 8 నుంచి 10, ఎముక లేని చిన్న ముక్కలకు 4 నుంచి 5 పడుతుంది. గడియారం కన్నా నమ్మదగినది లోపలి వేడి. అన్నిటికన్నా మందమైన చోట, ఎముకకు తగలకుండా థర్మామీటరు గుచ్చితే కనీసం 74 డిగ్రీలు చూపాలి. కాళ్లు, తొడలు 80 దాటాకే నిజంగా బాగుంటాయి, అక్కడి కొల్లాజెన్ అనే గట్టి మాంసకృత్తి కరిగి మెత్తబడేది అప్పుడే. వేడి సరిపోయినా ఎముక దగ్గర ఎర్రగా కనిపిస్తే కంగారు పడకండి. లేత కోడి ఎముకలోని మజ్జ రంగు చుట్టూ దిగుతుంది. అందుకే రంగు చూసి తీర్పు చెప్పవద్దు.

మరింత కరకరలాడాలంటే రెండుసార్లు వేయించండి. మొదటిసారి పూర్తిగా ఉడికేదాకా, కానీ రంగు లేతగా ఉండగానే తీసి, పది నిమిషాలు ర్యాక్ మీద ఉంచండి. లోపలి చెమ్మ ఈలోగా పై పొరలోకి వస్తుంది. తర్వాత నూనెను 190 డిగ్రీలకు పెంచి నిమిషంన్నర, రెండు నిమిషాలు వేయిస్తే ఆ చెమ్మ కూడా పోతుంది. అతిథులున్నప్పుడు ఇది బాగా కలిసొస్తుంది. మొదటి వేపు ముందే ముగించుకుని, వారు వచ్చాక రెండోది చేయవచ్చు.

వాయికీ వాయికీ మధ్య అడుగున చేరిన పిండి రవ్వలను చిల్లుల గరిటెతో తీసేయండి. పొరపాటున నూనెకు మంట అంటుకుంటే నీళ్లు పోయవద్దు. పొయ్యి ఆపి, లోహపు మూత పెట్టేయండి.

తీశాక

కాగితం మీద గుట్టగా పోసి పైన మూతపెట్టడంతోనే చాలామంది కష్టం వృథా అవుతుంది. ముక్కలోంచి వచ్చే ఆవిరికి దారి లేక పొరలోకే దిగుతుంది. ర్యాక్ మీద విడివిడిగా పెట్టండి, కింద కూడా గాలి ఆడాలి. నూనె తడి మెరుస్తుండగానే, మొదటి అర నిమిషంలో, మెత్తటి ఉప్పు, కారం, మిరియాల పొడి కలిపిన మిశ్రమాన్ని చిటికెడు చల్లండి. చల్లారాక చల్లితే అంటదు, రాలిపోతుంది. నాలుకకు మొదట తగిలేది ఈ పొడే కాబట్టి, నూనెలో మాడిపోతుందని పిండిలో వేయలేకపోయిన సున్నితమైన దినుసులను, ఎండబెట్టిన ఆకుల పొడిని, నిమ్మతొక్క పొడిని ఇక్కడ వాడుకోవచ్చు.

అన్ని వాయిలూ అయ్యేదాకా మొదటివి వేడిగా ఉండాలంటే 100 డిగ్రీల ఓవెన్‌లో ర్యాక్‌తో సహా పెట్టండి, తలుపు పూర్తిగా మూయకండి.

మిగిలిన పిండి, మజ్జిగ పచ్చి మాంసం తగిలినవి కాబట్టి పారేయాల్సిందే. నూనె చల్లారాక బట్టతో వడకట్టి ఫ్రిజ్‌లో ఉంచితే ఒకటి రెండుసార్లు పనికొస్తుంది. ముదురు రంగుకు వచ్చినా, నురగ కట్టినా, జిడ్డు వాసన వేసినా ఇక వాడవద్దు. ముక్కలు మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు 190 డిగ్రీల ఓవెన్‌లో 12 నుంచి 15 నిమిషాలు, ర్యాక్ మీదే వేడి చేయండి. మైక్రోవేవ్‌లో పెడితే పై పొర తోలులా సాగుతుంది.